చూసినంత అందం ఫోటోలోకి ఎందుకు రాదు? ఉప్పు మడిలో నేను తిన్న చీవాట్లు

ప్రశ్న ఇది: "అందమైన ప్రకృతి దృశ్యం కనబడితే ఫోటో తీస్తాను. ఇంటికొచ్చి చూస్తే అక్కడ కలిగిన అనుభూతిలో పావు వంతు కూడా ఉండదు. మంచి కెమెరా కొంటే వస్తుందా? ఏది కొనమంటారు?"

కెమెరా సంగతి చివర్లో చెప్తా, అందాకా ఓపిక పట్టండి. నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళు స్టూడియో నడిపి, సెల్‌ఫోన్ల దెబ్బకి మూసేసినవాణ్ణి. కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఊటీ పోయొచ్చినవాళ్ళు, అరకు పోయొచ్చినవాళ్ళు ఫోన్ తెచ్చి నా మొహం మీద పెట్టి, "అన్నా, అక్కడ చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఇందులో చూడు, ఏముంది?" అనేవాళ్ళు. నిజమే, అందులో ఏమీ ఉండేది కాదు.

కొంత తప్పు యంత్రానిదే. జొన్నవాడ కామాక్షమ్మ గుడి దగ్గర పెన్న ఇసకలో నిలబడి అవతల నరసింహకొండను చూడండి. మీ చూపు కొండ మీదే నిలుస్తుంది, మిగతాదంతా ఉన్నా లేనట్టే. ఫోన్‌కి ఆ తెలివి లేదు. దాని మామూలు లెన్సు పెద్ద కెమెరా లెక్కలో 24, 26 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే బాగా వెడల్పు చూపు. కొండనీ, కొండకి అటూ ఇటూ ఉన్న ఆకాశాన్నీ, మీ కాళ్ళ దగ్గర పడున్న కొబ్బరి చిప్పనీ సమానంగా లోపలేసుకుంటుంది. కొండ కాస్తా పుట్టంత అయిపోతుంది. పున్నమి చంద్రుణ్ణి తీసి గోళీకాయ తెచ్చుకునేది కూడా ఇందుకే. రెండింతలో మూడింతలో జూమ్ ఉన్న లెన్సు పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడవండి, సగం జబ్బు నయమవుతుంది.

తెల్లారగట్ల ఎరుపు కూడా ఇట్లాగే పోతుంది. మైపాడు బీచిలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తుంటే లోకమంతా నారింజ రంగు తిరుగుతుంది కదా. ఆ రంగును కెమెరా లోపం అనుకుంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ అనేది మెల్లగా ఆ ఎరుపును కడిగేసి, పది గంటల ఎండలో తీసినట్టు చేసి పెడుతుంది. సెట్టింగుల్లో సూర్యుడి బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే కడగడం ఆపేస్తుంది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది ఎన్ని ఉదయాలు పోగొట్టుకున్నారో!

మీరడిగింది మాత్రం సెట్టింగుల గురించి కాదని నా అనుమానం. అనుభూతి అన్నారు. దాని గురించి నాకో గట్టి అభిప్రాయం ఉంది, ఎవరు కాదన్నా మార్చుకోను.

ముందొక మాట. మనందరికీ చిన్నప్పుడు బళ్ళో 'సీనరీ' గీయడం నేర్పారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, ఒక గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు, పైన మూడంకె పడుకోబెట్టినట్టు పక్షులు. నేను అల్లూరు పక్క ఊళ్ళో పుట్టాను. మా వూళ్ళో ఎటు చూసినా రెండు కొండలు లేవు. సూర్యుడు చేల మీంచి లేచి చేలల్లోనే దిగుతాడు. అయినా పుస్తకం నిండా కొండలే గీశాను. స్టూడియో పెట్టినప్పుడు మద్రాసు నుంచి తెప్పించిన పరదా మీద ఏముందనుకున్నారు? జలపాతం, మంచు కొండ, రెండు హంసలు. కోవూరు నుంచి, ఇందుకూరుపేట నుంచి పచ్చటి వరి కయ్యల మధ్యలోంచి సైకిలేసుకొని వచ్చిన పెళ్ళికొడుకు, ఆ మంచు కొండ ముందు నిలబడి ఫోటో దిగి పోయేవాడు. వాడు తొక్కుకుంటూ వచ్చిన దారి ఒక దృశ్యమని వాడికీ తోచలేదు, రూపాయి తీసుకున్న నాకూ తోచలేదు. ఇప్పటికీ మనం బయటికి పోయి వెతుక్కునేది ఆ పరదానే. పరదా దొరికితే ఫోటో తీస్తాం, ఇంటికొచ్చి చూస్తే పరదాలాగే ఉంటుంది. మరి ఇంకెట్లా ఉంటుంది?

ఇక ఉప్పు మడి సంగతి.

2017 మే నెల. అప్పుడు నా దగ్గర నికాన్ డి750, 16-35 లెన్సు ఉండేవి. అప్పు చేసి కొన్నవి. పెళ్ళిళ్ళ సీజన్‌లో ముహూర్తాలు లేని వారం దొరికితే ఒక్కణ్ణే బండేసుకొని పోయేవాణ్ణి. ఇసకపల్లి ఉప్పు మడులు మా వూరికి దగ్గరే అయినా, చిన్నప్పుడు అటు పోయిన పాపాన పోలేదు. ఎవరో ఇంటర్నెట్‌లో బొలీవియాలోనో ఎక్కడో ఉప్పు మైదానం అద్దంలాగ ఆకాశాన్ని చూపించే ఫోటో పెట్టారు. అది చూసి, మన దగ్గరా ఉందిగదా అని బయల్దేరా.

తెల్లారి ఐదున్నరకి చేరా. నిజంగానే అద్దం! గాలి లేదు. గళ్ళు గళ్ళుగా మడులు, ఒక్కో గడిలో ఒక్కో ఆకాశం. తూర్పున లేత గులాబి. లెన్సు వెడల్పుది కాబట్టి నీళ్ళకి దగ్గరగా పెట్టాలి, గట్టు మీంచి తీస్తే గట్టు అడ్డం వస్తుంది. మడి మధ్యలో నిలబడి తీస్తే పైనా కిందా ఆకాశమే. ఇంకేం ఆలోచించలేదు. స్టాండు భుజానేసుకొని బూట్లతోనే దిగాను. చీలమండ లోతు కూడా లేదు. పది పన్నెండు అడుగులు వేసి ఉంటాను.

"ఏందబ్బయ్యా అది! దిగబాక! దిగబాక!"

వెనక్కి తిరిగితే గట్టు మీద ఒక పెద్దామె. అరవై ఉంటాయి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని, చేతిలో పొడుగు కర్రకి పలక బిగించిన ఉప్పు లాగేది. దాన్ని నా వైపు చూపిస్తూ అరుస్తా ఉంది.

"నీళ్ళేలేమ్మా, ఒక్క ఫోటో..." అన్నా.

"నీళ్ళా? నీ కండ్లకి నీళ్ళు కనపడతన్నయ్యా? ఉప్పు అది! అన్నం కంచంలో బూటు కాలు పెట్టినట్టుండాది నీ యవ్వారం. కదలబాక. ఆ బూట్లు ఆడనే ఇప్పి చేత పట్టుకో. వచ్చిన అడుగుల్లోనే ఎనక్కి రా. కొత్త అడుగు పడిందంటే చూడు."

నలభై ఏళ్ళ మనిషిని. స్టాండు ఒక చేత్తో, బూట్లు ఒక చేత్తో పట్టుకొని, నా అడుగుల్లో నేనే వెనక్కి వెనక్కి వచ్చాను. ప్రతి అడుగు చుట్టూ నల్లటి బురద మబ్బులాగ లేచి ఉంది. అద్దంలో మరకలు. నేను గట్టెక్కాక ఆమె దిగింది. ఒక్కో గుంతని మడమతో అద్ది, అరికాలితో సాపు చేసి, పక్కదానికి పోయింది. పరుగు లేదు, విసుగు లేదు. అన్నీ పూడ్చి వచ్చేసరికి నేను తీయాలనుకున్న గులాబి రంగు ఆకాశంలోనూ లేదు, మడిలోనూ లేదు.

అప్పుడు చెప్పింది. మడి అడుగున ఉండేది బంకమన్ను. సీజన్ మొదట్లో రోజుల తరబడి కాళ్ళతో తొక్కి తొక్కి దాన్ని గచ్చులాగ గట్టి చేస్తారు. ఆ గచ్చు పగిలితే మన్ను పైకి లేచి ఉప్పుతో కలుస్తుంది. ఉప్పు మాసిపోతుంది, మాసిన ఉప్పుకి ధర రాదు. సముద్రపు నీళ్ళని కాలవలోంచి ఒక మడికి, అందులోంచి ఇంకో మడికి మళ్ళిస్తూ ఎండబెడతారు. నీళ్ళు చిక్కబడి, చిక్కదనం కొలిచే గాజుగొట్టం వేసి చూస్తే 25 డిగ్రీల (వేడి కాదు, బామె అనే చిక్కదనం కొలత) దగ్గరికి వచ్చినప్పుడు ఉప్పు రాలడం మొదలెడుతుంది. ఆమెకి గొట్టం అక్కర్లేదు. ఎండ బాగా ఉండి గాలి లేనప్పుడు నీళ్ళ మీద పాల మీగడలాగ సన్నటి పొర కడుతుందంట. "అది చూస్తే ఎరక అయిపోద్దిలే" అంది. వంగి చూశా. నిజంగానే, నేను అద్దం అనుకున్నదాని మీద అక్కడక్కడా గోరంత పొర తేలుతూ ఉంది, ముట్టుకుంటే విరిగి మునిగిపోతుంది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నా. సద్దన్నం పెట్టింది. అందులోకి వాళ్ళ ఉప్పే.

ఇక్కడిదాకా అయితే తిట్టు తిని తిరిగొచ్చిన కథే. అసలు కథ నాలుగున్నరకి మొదలైంది.

పడమర, ఉదయగిరి వైపు నుంచి మబ్బు పట్టింది. మే నెల మబ్బు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. కింద నల్లగా, పైన గోపురంలాగ తెల్లగా పెరుగుతూ పోతుంది. సూర్యుడు దాని వెనక్కి దిగాడు. అంచులు కరిగిన బంగారం. మధ్యలో సందు చేసుకొని అయిదారు కిరణాలు ఉప్పు కుప్పల మీద పడ్డాయి. ఇరవై ఏళ్ళలో అట్లాంటి ఆకాశం చూడలేదు. గుండె దడదడా కొట్టుకుంది. గట్టు మీద స్టాండు పాతి, లెన్సు కంతని ఎఫ్11కి చిన్నది చేసి నొక్కుతా ఉన్నా. మీరు అనుభూతి అన్నారే, ఆ మాటకి అంతకన్నా పెద్దది నా జన్మలో లేదు. దేవుడు నా ఒక్కడి కోసమే లైటింగ్ పెట్టినట్టుంది.

నా చుట్టూ జనం పరిగెత్తుతున్నారు.

మొదట గమనించలేదు. తర్వాత గమనించినా పట్టించుకోలేదు. పెద్దామె, ఆమె కోడలు, పక్క మడులవాళ్ళు లాగిన ఉప్పుని కుప్పగా ఎగదోసి తాటాకులు కప్పుతున్నారు. గాలికి ఆకులు లేచిపోతున్నాయి. కోడలు నా వైపు తిరిగి, "అన్నా, ఈ కొస పట్టుకోన్నా" అంది. నేను "ఒక్క నిమిషం" అన్నాను.

ఆ ఒక్క నిమిషంలో మూడు ఫోటోలు తీశా. తర్వాత చినుకులు, రూపాయి బిళ్ళంత. అప్పుడైనా తాటాకు పట్టుకున్నానా? భుజం మీది తువ్వాలు తీసి లెన్సు కప్పుకున్నా. ఉన్నదున్నట్టు చెప్తున్నా, దాచడం దేనికి.

ఇరవై నిమిషాలు కురిసి పోయింది. కప్పిన కుప్పలు చాలావరకు నిలిచాయి. ఒకటి రెండు పక్కల నుంచి కరిగి, తిన్న బెల్లం ముద్దలాగ అయ్యాయి. మడుల్లో ఎల్లుండి లాగాల్సిన ఉప్పు మీద రెండు వేళ్ళ మంచినీళ్ళు. మళ్ళీ చిక్కబడాలి, మళ్ళీ ఎండ కాయాలి. పది రోజుల పని పోయిందంది పెద్దామె. ఏడవలేదు, తిట్టలేదు. పొద్దున బూట్లకి తిట్టిన మనిషి వానని ఒక్క మాట అనలేదు. నా వైపు చూసి, "నీ పోటోలు తడిశాయా?" అని అడిగింది.

ఆ మబ్బు ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే తొమ్మిది వందల పైచిలుకు లైకులు. ఒక పోటీకి పంపితే బహుమతి కూడా వచ్చింది. అందరూ దివ్యం, అద్భుతం అన్నారు. ఒక పెద్దమనిషి మాత్రం పనిగట్టుకొని ఇట్లా రాశాడు: "ఎడమవైపు కింద ఉన్న మనుషుల్ని తీసేస్తే ఫ్రేము ఇంకా శుభ్రంగా ఉంటుంది." ఎడమవైపు కింద ఉన్నది ఆ కోడలు, తాటాకు కొస పట్టుకొని, నా వైపే తిరిగి. ఇప్పుడు ఫోన్లలో ఆ పనికి మీట కూడా వచ్చింది. వేలితో చుట్టూ గీస్తే మనిషి మాయమవుతాడు, ఆ చోట ఇసకో నీళ్ళో అదే నింపుతుంది. ఇంత ఇంగితం లేని సదుపాయం ఇంకోటి చూడలేదు నేను.

నా అభిప్రాయం ఏందంటే, దృశ్యం మనకి ఏమవుతుందో తెలియకుండా అనుభూతి రాదు. వచ్చినా అది లైటింగ్‌ది, మనది కాదు. ఆ మబ్బుని చూసి నాకు ఒళ్ళు పులకరించింది, పెద్దామెకి ఒళ్ళు జలదరించింది. ఫోటోలో ఉన్నది నా పులకరింత ఒక్కటే, అందుకే అది అంత పలచగా ఉంది. కావలి దగ్గర తుమ్మలపెంట బీచికి పోయి ఒక్క గంట కూర్చొని, ఆ పడవలు ఎవరివో, గాలి ఎటు తిరిగితే వాళ్ళు వేటకి పోరో అడిగి, ఆ తర్వాత తీయండి. అదే సముద్రం, అదే సూర్యుడు, ఫోటో వేరుగా వస్తుంది. ఎందుకు అంటే చెప్పలేను. వస్తుంది అంతే.

పనిలో పనిగా ఇంకో కడుపుమంట. పులికాట్ సరస్సు. దేశంలో చిలకా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, మాకు ఇప్పటికీ అది మా పక్షుల చెరువే. చలికాలంలో శ్రీహరికోట రోడ్డు మీద ఆగితే ఫ్లెమింగోలు బారులు తీరి, తలలు తలకిందులుగా నీళ్ళలో పెట్టి మేస్తుంటాయి. అవి ఎగిరితే రెక్కల కింది ఎరుపు కనిపిస్తుంది. ఆ ఎరుపు కోసం పడవల్లో పోయి తరిమేవాళ్ళని, టపాకాయ పేల్చేవాళ్ళని చూశాను. వేల మైళ్ళు ఎగిరొచ్చే పక్షులు కూడా వాటిలో ఉంటాయంటారు. కడుపుకి తినేదాన్ని తరిమి, ఎగిరింది కదా అని ఫోటో తీసి, కింద 'స్వేచ్ఛ' అని పేరు పెడతారు! కొంచెం దూరంలో నేలపట్టులో నీటికడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి. అక్కడా అంతే, పిల్ల నోరు తెరిచే క్షణం కావాలని కేకలు. నేనూ ఉప్పు మడిలో దిగినవాణ్ణే కాబట్టి ఎక్కువ మాట్లాడకూడదు. అయినా మాట్లాడతా.

2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడూ ఇదే చూశా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. బ్రిడ్జి మీద మాత్రం సెల్ఫీల తిరణాల. ఎర్రటి నీళ్ళు, పొద్దు వాలుతున్న ఆకాశం, నిజంగా అందంగానే ఉంది, కాదనను. మా బావమరిది ఇంట్లో నడుం లోతు నీళ్ళు ఉన్నాయని తెలుసు కాబట్టి కెమెరా సంచి జిప్పు తీయలేకపోయా. తెలియకపోతే తీసేవాణ్ణే.

మళ్ళీ ఉప్పు దగ్గరికొస్తే, మరుసటి ఏడు మళ్ళీ మే నెలలో పోయాను. ఆ ఫోటో పన్నెండు పద్దెనిమిది సైజులో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి పట్టుకుపోయా. క్షమాపణ అనుకోండి, గొప్ప చెప్పుకోవడం అనుకోండి. పెద్దామె కొంగుతో చెయ్యి తుడుచుకొని అందుకుంది. మబ్బుని చూడలేదు. కిరణాలను చూడలేదు. వేలు పెట్టి కుప్పలు లెక్కబెట్టింది. "ఇది మాది. ఇది పక్కనోళ్ళది. ఇదిగో, ఆ పొద్దు కరిగింది ఇదే." తర్వాత మొహం చిట్లించి, "మా ఉప్పు ఇంత మురిగ్గా ఉండదే?" అంది.

నాకు నోట మాట రాలేదు. తొమ్మిది వందల మందీ, బహుమతి ఇచ్చినవాళ్ళూ ఎవరూ చూడనిది ఆమె చూసింది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి తెలుపు అంటే తెలియదు. తెల్లటిదేది ఎక్కువగా కనబడినా దాన్ని బూడిద రంగుకి దించేస్తుంది. ఉప్పునీ, పెళ్ళికూతురి తెల్ల చీరనీ తీసేటప్పుడు వెలుతురు ఒకటి, ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) మనమే పెంచుకోవాలి. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో చేతి వాటంగా చేసిన పని, ఆ రోజు మబ్బు మైకంలో మర్చిపోయా.

"ఎండలో తియ్ ఒకటి. తెల్లగా రావాల" అంది.

ఎప్పుడు? మధ్యాహ్నం పన్నెండుకి! పొద్దునా సాయంత్రం తప్ప ఆరుబయట కెమెరా బయటికి తీయకూడదని నేను ఎంతమంది కుర్రాళ్ళకి పాఠం చెప్పానో. నడినెత్తిన సూర్యుడు, ఒక్క మబ్బు తునక లేదు, నీడలు కాళ్ళ కిందే దాక్కున్నాయి. ఆమె కుప్ప పక్కన నిలబడి, కోడల్ని పిలిచి పక్కన నిలబెట్టి, పలక కర్రని బల్లెంలాగ పట్టుకుంది. పెద్ద కెమెరా బండి డిక్కీలో ఉంది, అంత దూరం నడిచే ఓపిక లేదు. జేబులోంచి తీసి, తెర మీద ఉప్పు కుప్పని వేలితో నొక్కి, వెలుతురు పైకి జరిపి తీశా. ఆకాశం ఎగిరిపోయింది, మొహాల మీద ముక్కు నీడ పడింది. ఉప్పు మాత్రం మల్లెపూవులాగ వచ్చింది.

అది ఇప్పుడు వాళ్ళ ఇంట్లో క్యాలెండర్ పక్కన మేకుకి ఉంది. నా మబ్బు ఫోటో గోడకి ఆనించి కింద పెట్టారు, దాని మీద కరెంటు బిల్లులు ఉన్నాయి.

ఏ కెమెరా అని కదా మీరడిగింది? ఆ గోడకున్నది ఎనిమిది వేల రూపాయల ఫోన్‌తో తీసింది. దానికి అద్దం కూడా పగిలి ఉండింది.